మూడుసార్లు పిలిచిన పేరు

రత్నాలమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. పూండి స్టేషనుకి మూడు కిలోమీటర్ల అవతల, జీడితోటల మధ్య ఉన్న వాళ్ళ ఊళ్ళో ఆమె ఈడు ఆడవాళ్ళలో అంత చదివినవాళ్ళు ఇద్దరే. రెండో ఆమె పెళ్ళై కవిటి వెళ్ళిపోయింది. అందుచేత ఎవరికి ఏ కాయితం వచ్చినా అది రత్నాలమ్మ చేతికే వచ్చేది. పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల మార్కుల కార్డు, ఆసుపత్రి చీటీ, పంచాయతీ నోటీసు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని ముగించుకుని సాయంత్రం ఇల్లు చేరేసరికి అరుగు మీద ఎవరో ఒకరు కాయితం పట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి, మొదటి అక్షరం నుంచి చివర ఉన్న ముద్ర దాకా పైకి చదివేది. అలా చదువుతున్నంతసేపూ ఆమె గొంతులో కొంచెం గర్వం ఉండేది. అది ఆమె కూడా ఒప్పుకుంటుంది.

తమ్ముడు నిరంజన్ ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. పెళ్ళి మాటలప్పుడు రత్నాలమ్మ వైకుంఠరావుతో ఒకటే అంది: "నాతోపాటు ఈ గుంటడు కూడా వొత్తాడు. ఇష్టమైతేనే సెప్పండి." వైకుంఠరావు నెమ్మదస్తుడు. అర ఎకరం జీడితోట, పదిహేను కొబ్బరిచెట్లు ఉన్న రైతు. "రానీ. ఇంట్లో సందడిగా ఉంతాది" అన్నాడు. ఆ దంపతులకు పిల్లలు కలగలేదు. వాడే పిల్లాడయ్యాడు.

నిరంజన్‌కి బడి అబ్బలేదు. అయిదో తరగతితో మానేసి చెట్లెక్కడం నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళొచ్చేసరికి ఆ చుట్టుపక్కల కొబ్బరికాయల దింపు తీయాలంటే వాడినే పిలిచేవాళ్ళు. పని నుంచి వస్తూ వీధి మొదట్లోనే "అప్పా, బువ్వెట్టు" అని కేక వేసేవాడు. వాడు గుమ్మంలోకి వచ్చేసరికి కంచంలో అన్నం ఉండాలి. ఆ ఉద్దానం ప్రాంతంలో అక్కను అప్ప అనే అంటారు. ఆ మాటను వాడు సాగదీసి పిలిచే తీరు మాత్రం వేరు. ఎన్ని గొంతులు కలిసినా అది ఆమెకు విడిగా వినపడేది.

రెండు వేల పదమూడు జూలైలో ఒకరోజు వాడు చొక్కా నిండా నెత్తురుతో ఇంటికొచ్చాడు. రత్నాలమ్మ చొక్కా ఎత్తి దెబ్బ ఎక్కడని ఒళ్ళంతా వెతికింది. నెత్తురు వాడిది కాదు. కాశీబుగ్గ దగ్గర హైవే మీద వాడి కళ్ళముందే ఒక లారీ, మోపెడ్ మీద వెళ్తున్న పెద్దాయన్ని గుద్దేసింది. నలుగురూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. కొబ్బరికాయల వ్యాను దిగి వాడే వెళ్ళి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి ఆయన పోయారు. పోలీసులు వచ్చి ఏం చూశావని అడిగితే చూసింది చూసినట్టు చెప్పి, పేరూ ఊరూ రాయించి వచ్చాడు.

"మంచి పని సేసినావురా" అంది రత్నాలమ్మ, చొక్కా నానబెడుతూ. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నారు.

ఏడాదిన్నర తర్వాత, రెండు వేల పదిహేను ఫిబ్రవరిలో, వాడు చెట్టు మీద ఉండగా ఒక కానిస్టేబులు తోటలోకి వచ్చాడు. దిగమని, సంతకం పెట్టించుకుని, ఒక కాయితం చేతికిచ్చాడు. "పదహారో తేదీన పలాస కోర్టుకి రా" అని బండెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకు ఇంకా పది ఊళ్ళు తిరగాలి. నిరంజన్ ఆ కాయితాన్ని చెమట అంటకుండా తలపాగాలో పెట్టుకుని తెచ్చి అప్పకిచ్చాడు.

ఆమె ఎప్పటిలాగే పైకి చదివింది. మేజిస్ట్రేటు వారి కోర్టు, కేసు నెంబరు, సెక్షను మూడు వందల నాలుగు ఎ, ముద్దాయి అని ఎవరిదో పేరు, దాని కింద నిరంజన్ పేరు. "స్వయముగా హాజరై సాక్ష్యమీయవలెను" అని కూడా ఉంది. ఆ మాట మీద ఆమె కన్ను ఆగలేదు. ఆగింది తర్వాతి రెండు వాక్యాల మీద. "కోర్టు వారి అనుమతి లేనిదే అచ్చటినుండి వెళ్ళరాదు. తగిన కారణము లేక హాజరు కాని యెడల వారంటు జారీ చేయబడును."

ఆమె రెండోసారి చదివింది. ఈసారి పైకి కాదు.

"ఏటైనాదప్పా?" అన్నాడు నిరంజన్.

"ఎల్తే మరి రానివ్వరంత. ఎల్లకపోతే వారంటంత."

"నానేటి సేసినాను? ముసలాయన్ని ఎత్తి ఆటోలో ఎక్కించినాను. అంతేగదా."

"ఎత్తినోడి మీదకే తోసేసినార్రా. డబ్బున్నోడి లారీ."

వైకుంఠరావు కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనికి చదువు రాదు. "రేపు పలాస ఎల్లి ఎవుల్నైనా అడుగుదుమా? టెక్కలిలో ప్లీడర్లుంతారు" అన్నాడు.

"అడిగితే అక్కడే పట్టుకుంతారు" అంది రత్నాలమ్మ. ఇంట్లో చదువుకున్నది ఆమె. ఆమె మాటకు ఎదురు లేదు.

మర్నాడు పొద్దున్న పాసింజరుకి వాడిని పూండిలో రైలెక్కించింది. చెన్నైలో ఊరివాళ్ళున్నారు, పారాదీప్‌లో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వద్దంది, పోలీసులు ముందు అక్కడే వెతుకుతారని. "మనోలు ఎవులూ నేని సోటుకి ఎల్లిపో. ఫోను సెయ్యకు. ఫోను బట్టి పట్టుకుంతారు." వాడి ఫోన్లోంచి సిమ్ము తనే తీసి పట్టాల పక్కన పారేసింది. వాడు కిటికీ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు ఇంజెక్షనుకి చెయ్యి చాపినప్పటి ముఖం పెట్టుకుని ఆమెనే చూస్తూ వెళ్ళిపోయాడు.

మూడు నెలలకు కానిస్టేబులు మళ్ళీ వచ్చాడు. కోపంగా రాలేదు. "వారంటు ఉందమ్మా. వాడు వస్తే కోర్టుకి పంపండి" అని మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. వారంటు అన్న మాట తప్ప రత్నాలమ్మ చెవికి ఇంకేమీ ఎక్కలేదు. సరిగ్గా రెండు రోజుల తర్వాత వైకుంఠరావు ఫోనుకి ఎక్కడిదో తెలియని నెంబరు నుంచి పిలుపు వచ్చింది. రైలు చప్పుడు వెనక నుంచి ఆ గొంతు.

"అప్పా, నాను. వొచ్చేద్దునా?"

ఆమె ఒక్క మాటే అంది. "రాకు." పెట్టేసింది, ఎవరైనా వింటున్నారేమోనని.

వాడు అప్ప మాట జవదాటని పిల్లాడు. మళ్ళీ ఫోను చెయ్యలేదు.

తర్వాతి రోజులను రత్నాలమ్మ లెక్కపెట్టలేదు, గడిపింది. ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ, వాడు తిన్నాడో లేదో అనుకునేది. జ్వరమొస్తే ఎవరు చూస్తారు అనుకునేది. ఎవరి పెళ్ళికి వెళ్ళినా వాడి ఈడు కుర్రవాళ్ళ వీపులు చూసేది. వాడి వీపు ఆమెకు తెలుసు, చెట్లెక్కీ ఎక్కీ కుడి భుజం కొంచెం ఎత్తుగా ఉండేది. ఊళ్ళో కాయితాలు చదవడం మానేసింది. ఎవరైనా తెస్తే "కళ్ళు కనబడతల్లేదు" అనేది.

రెండు వేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానం మొత్తం నేలకు ఒరిగింది. వైకుంఠరావు పదిహేను కొబ్బరిచెట్లలో రెండు నిలిచాయి. ఇంటి రేకులు ఎగిరిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో రత్నాలమ్మకు ఒక పిచ్చి ఆశ పుట్టింది. ఇంత పెద్ద వార్త దేశమంతా తెలుస్తుంది. వాడు ఎక్కడున్నా వింటాడు, అప్ప బతికుందో లేదో చూడ్డానికైనా వస్తాడు. పడిపోయిన చెట్లు దాటుకుంటూ రోజూ రోడ్డు దాకా వెళ్ళి నిలబడేది. లారీల్లో బియ్యం వచ్చాయి, టార్పాలిన్లు వచ్చాయి, ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. వాడు రాలేదు. నెలరోజుల తర్వాత ఆమె రోడ్డు మీదికి వెళ్ళడం మానేసింది. ఆ ఏడాది వాడు చచ్చిపోయాడనే అనుకుంది, పైకి ఎవరితోనూ అనలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఫ్యాక్టరీ ఆవరణలో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. పని అయ్యాక గంటసేపు ఉండమంటే ఆడవాళ్ళంతా బస్సు తప్పిపోతుందని విసుక్కున్నారు. టెక్కలి నుంచి హరిప్రియ అనే లాయరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మైకు పక్కన పెట్టేసి, వాళ్ళ మధ్యే నేల మీద కూర్చుంది. సంచిలోంచి నాలుగు కాయితాలు తీసి ఒకటి పైకి పట్టుకుంది.

"ఇది మీ ఇంటికొస్తే ఏమనిపిస్తుంది?"

"బయమేత్తాది" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు.

"ఇది సమన్లు. సమన్లు అంటే పిలుపు. ఎవరిని పిలిచారు, ఎందుకు పిలిచారు, ఎప్పుడు రమ్మన్నారు, ఈ మూడే చూడాలి. ముద్దాయినీ పిలుస్తారు, సాక్షినీ పిలుస్తారు. ఇది సాక్షికి వచ్చింది" అంటూ ఆమె మెల్లగా చదివింది. స్వయముగా హాజరై సాక్ష్యమీయవలెను. కోర్టు వారి అనుమతి లేనిదే అచ్చటినుండి వెళ్ళరాదు.

రత్నాలమ్మ చెయ్యి ఎత్తింది. ఎత్తిందని ఆమెకే తెలియదు.

"ఎల్లరాదు అంతే, మరి రానివ్వరనే గదమ్మా?"

"కాదమ్మా. మీరు చెప్పేది పూర్తయ్యేదాకా ఉండండి, మధ్యలో లేచిపోకండి అని. డాక్టరు చూడకముందే లేచి వచ్చేయం కదా, అలాగ. చెప్పడం అయిపోతే ఇంటికి వెళ్ళిపోవచ్చు. బస్సు ఛార్జీలు కూడా అడగొచ్చు."

"మరి వారంటో?"

"పిలిస్తే రానివాళ్ళని తీసుకురమ్మని. వెళ్ళి, ఫలానా కారణాన రాలేకపోయానండి అని చెప్పుకుంటే జడ్జిగారు తీసేస్తారు. సాక్షి నేరం చేసినవాడు కాడు. చూసినవాడు. ఆయన చెప్పకపోతే కోర్టుకి కళ్ళు లేనట్టే."

తర్వాత హరిప్రియ ఇంకా చాలా చెప్పింది. ఆడవాళ్ళకు లాయర్ని ఊరికే ఇస్తారని, అడగడానికి కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుందని, దెబ్బతిన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని చట్టమే ఉందని. రత్నాలమ్మ అవేవీ వినలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటూ ఉండిపోయింది. అందరూ బస్సుకి వెళ్ళిపోయాక హరిప్రియ వచ్చి కుళాయి కట్టేసి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"నాను సదివినానమ్మా" అంది రత్నాలమ్మ. "నానే సదివి, నానే పంపించేసినాను."

ఆ రోజు హరిప్రియ ఆఖరి బస్సులో టెక్కలి వెళ్ళింది.

వారం తర్వాత ఇద్దరూ పలాస కోర్టుకి వెళ్ళారు. రత్నాలమ్మ కోర్టు గడప తొక్కడం అదే మొదటిసారి. వరండాలో రంగురంగుల చొక్కాల కుర్రవాళ్ళు, పిల్లలను ఎత్తుకున్న తల్లులు, వేరుశెనక్కాయలు తింటున్న ముసలివాళ్ళు ఉన్నారు. ఆమె అనుకున్న చోటులా లేదు, బస్టాండులా ఉంది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఎవరి పేరో మూడుసార్లు పిలిచాడు. "ఉన్నానండి" అంటూ ఒకాయన చేతిలోని టీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి పరుగెత్తాడు. పది నిమిషాల్లో బయటికి వచ్చి, చల్లారిన టీ తాగేసి, ఇంటికి వెళ్ళిపోయాడు.

"మా వోడి పేరూ ఇలగే పిలిసుంతారా?"

హరిప్రియ తల ఊపింది. "పిలిచే ఉంటారమ్మా. ప్రతి వాయిదాకీ."

తీర్పు నకలు చేతికి రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అది ఇంగ్లీషులో ఉంది. హరిప్రియ చదివి, ఒక్కో పేరాకూ తెలుగులో అర్థం చెప్పింది. రత్నాలమ్మ నోటుపుస్తకంలో తన గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. రెండు వేల పదహారులోనే కేసు కొట్టేశారు. ప్రమాదాన్ని కళ్ళారా చూశానని పేరు రాయించిన సాక్షి ఒక్కడే. చాలా వాయిదాలు ఇచ్చినా ఆ సాక్షిని హాజరుపరచలేకపోయారు. అందువల్ల నేరం రుజువు కాలేదు, లారీ డ్రైవరును వదిలేశారు. నిరంజన్ మీద కేసు ఏదీ లేదు. ఎన్నడూ లేదు. కేసు ముగియడంతో ఆ వారంటు కూడా పోయింది.

పోయిన పెద్దాయన పేరు సుందరరామయ్య అని, మందసలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారని ఆ కాయితంలోనే ఉంది. రత్నాలమ్మ నాలుగు రోజులు నిద్రపోకుండా ఆలోచించి మందస బస్సెక్కింది. ఎందుకు వెళ్తోందో వైకుంఠరావుకి సరిగ్గా చెప్పలేకపోయింది. అతను అడగలేదు. ప్లీడర్ని అడిగి తెలుసుకుందామని ఆ రోజు తాను అన్న మాటను అతను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు.

సుందరరామయ్య భార్య బాలాత్రిపురసుందరి గారికి డెబ్భై దాటాయి. వచ్చినామె ఎవరో తెలిసిన వెంటనే ఆవిడ మొదట అడిగింది కేసు గురించి కాదు.

"ఆ అబ్బాయి మీ తమ్ముడా అమ్మా? ఎక్కడున్నాడు?"

రత్నాలమ్మ ఉన్నదంతా చెప్పింది. తను చదివిన సంగతి, పంపిన సంగతి. "మా వోడు ఒచ్చుంతే ఆ లారీవోడికి శిచ్చ పడును. అది మీకు జరక్కుండా సేసినాను. సెప్పాలని ఒచ్చినాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "శిక్ష పడితే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేదేమోనమ్మా. లేదని అనను. మా అబ్బాయి ఈ ఆరేళ్ళూ కోపంతోనే ఉన్నాడు. కానీ నాకు కావలసింది వేరే. ఆయన ఆటోలో మాట్లాడుతూనే ఉన్నారట. నేను వెళ్ళేసరికి స్పృహ లేదు. ఏమన్నారో ఆ అబ్బాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ అతనికోసం నేనూ చూస్తున్నాను."

తన తమ్ముడి కోసం ఎదురుచూసే మనిషి ఇంకొకరున్నారని రత్నాలమ్మకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఆమె హరిప్రియ చెప్పినట్టు, కోర్టు కాయితాల్లో జనానికి సాయం చేసే పారా లీగల్ వాలంటీరుగా పేరు రాయించుకుంది. శిక్షణకు వెళ్ళినప్పుడు అందరికంటే ముందు వరసలో కూర్చుని, అర్థం కాని మాట వస్తే సిగ్గుపడకుండా ఆపి అడిగేది. ఊళ్ళో మళ్ళీ కాయితాలు పట్టింది. ఈసారి పైకి చదవడం లేదు. ముందు మౌనంగా చూసి, తెలిసింది చెప్పి, తెలియనిది "తెలీదు, రేపు అడిగి సెప్తాను" అనేది. ఆ మాట అనడం నేర్చుకోవడానికే తనకు ఎక్కువ కాలం పట్టిందని ఆమె చెబుతుంది. ఒకామె ఆసుపత్రి నోటీసు తెచ్చినా, ఒకాయన సరిహద్దు దావా కాయితం తెచ్చినా, ఆఖర్న ఒక మాట అడిగేది: "మీవోలు ఎవులైనా దూరదేశం పనికెల్తన్నారా? ఎల్తే అక్కడ నిరంజన్ అని కొబ్బరి దింపులోడు కనబడితే, కేసు నేదు, అప్ప రమ్మంతందని సెప్పమనండి." గుజరాత్ పడవల మీదికి వెళ్ళేవాళ్ళతో, కేరళ వెళ్ళేవాళ్ళతో, ఇటుకబట్టీలకు వెళ్ళేవాళ్ళతో నాలుగేళ్ళు ఆ మాట పంపింది.

రెండు వేల ఇరవై మూడు నవంబరులో రాజేంద్ర ఫోను చేశాడు. మంచినీళ్ళపేట మత్స్యకారుడు. పంపకాల దావాలో వచ్చిన నోటీసును ఒకప్పుడు రత్నాలమ్మే అతనికి వివరించింది. పడవ పని మీద మహారాష్ట్రలో మాల్వన్ అనే ఊరికి వెళ్ళాడు. సముద్రం ఒడ్డున తోటలోంచి నడుస్తుంటే పైనుంచి ఒక కేక వినపడింది. "తప్పుకోండి, కాయ పడతాది." మన ఉద్దానం మాట. తలెత్తి చూస్తే చెట్టు మీద ఒకడు. అక్కడ అతన్ని అందరూ రాజు అంటారు. తొమ్మిదేళ్ళుగా మరాఠీయే మాట్లాడుతున్నాడు. కాయ జారినప్పుడు మాత్రం నోట్లోంచి ఆ కేకే వస్తుందట.

రాజేంద్ర ఫోను అతనికిచ్చాడు. 

"నిరంజనా, కేసు నేదురా" అంది రత్నాలమ్మ. "ఎప్పుడూ నేదు. నాకు సదవడం రాక సెప్పినాను."

"నువ్వే రాకన్నావు గదప్పా" అన్నాడు వాడు. నింద కాదు. మాట విన్నానని చెప్పుకోవడం.

డిసెంబరులో ఆమె, వైకుంఠరావు మూడు రైళ్ళు మారి అక్కడికి వెళ్ళారు. ఆ ఊరు చూసి రత్నాలమ్మ నివ్వెరపోయింది. కొబ్బరితోటలు, జీడిచెట్లు, ఇసుక, ఉప్పుగాలి. తుఫానుకు ముందు తమ ఊరు ఎలా ఉండేదో అలా ఉంది. ఒక్కటే తేడా, అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. నిరంజన్ బస్సు దగ్గరికి వచ్చాడు. జుట్టు పల్చబడింది, కుడి భుజం ఇంకా ఎత్తుగానే ఉంది. పక్కన వైశాలి అనే భార్య, ఆమె కొంగు పట్టుకుని అయిదేళ్ళ పాప. పాపకు తెలుగు ఒక్క ముక్క రాదు.

మర్నాడు రత్నాలమ్మ నోటుపుస్తకం తీసి, తాను రాసుకున్న తీర్పు మొదటి నుంచి చదవబోయింది. వాడు చిన్నగా నవ్వాడు.

"మల్లీ నువ్వే సదువుతన్నావు గదప్పా."

ఆమె పుస్తకం మూసేసింది. ఆ మాట వాడు సరదాగా అన్నాడో, తొమ్మిదేళ్ళు దాచుకుని అన్నాడో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. హరిప్రియకు ఫోను కలిపి వాడి చేతికిచ్చింది. వాడు పక్కకు వెళ్ళి చాలాసేపు విన్నాడు. తిరిగి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఇసుకలో కూర్చున్నాడు.

"తిత్లీ అప్పుడు టీవీలో సూసినాను. రైలెక్కీసినాను. విశాపట్నం దాకా ఒచ్చినానప్పా. టేసన్లో పోలీసులుంతే, నువ్వు రాకన్నావని గేపకమొచ్చి ఎనక్కెల్లిపోయినాను."

ఆమె ఆ రోజుల్లో రోడ్డు మీద నిలబడిన సంగతి చెప్పలేదు. వైకుంఠరావు చెప్పబోతే వద్దని చూసింది.

ఆటోలో పెద్దాయన ఏమన్నారని అడిగింది. వాడికి బాగా గుర్తుంది. ఒక చెప్పు రోడ్డు మీద పడిపోయిందని, అది కొత్తదని, ఎవరినైనా తెమ్మనమని రెండుసార్లు అన్నారు. తర్వాత, "సుందరికి అప్పుడే చెప్పకు బాబూ, కంగారు పడుతుంది" అన్నారు. సుందరి అంటే కూతురేమో అనుకున్నాడు వాడు.

ఎనిమిది రోజులున్నారు. వైశాలి చేపల పులుసు వండి పెట్టింది. మాట తెలియకపోయినా ఆ పిల్ల రత్నాలమ్మ కాళ్ళకు నూనె రాసింది. ఇంటికి వచ్చేయరా అని రత్నాలమ్మ రోజూ అనుకుంది. పాప బడి సంచి తగిలించుకుని తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్ళడం చూసినప్పుడల్లా ఆ మాట మింగేసింది. వెళ్ళే ముందు రోజు వాడే అన్నాడు: "ఒత్తానప్పా. ఈ యేడు కాదు." ఒకప్పుడు తాను రాకంటే రానివాడు, ఇప్పుడు తాను రమ్మంటే వస్తాడేమో. అందుకే ఆమె రమ్మనలేదు. ఇంకోసారి తన మాట మీద వాడి బతుకు మలుపు తిరగకూడదనుకుంది.

తిరిగొచ్చిన మూడో రోజు మందస వెళ్ళింది. బాలాత్రిపురసుందరి గారు అంతా విని, "ఆ చెప్పులు నేనే కొన్నాను. కాలికి బిగుతుగా ఉన్నాయని గొడవ చేశారు" అంది. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కంగారు పడతానన్నారా" అని ఇంకోసారి చెప్పించుకుంది, మళ్ళీ ఇంకోసారి. రత్నాలమ్మ విసుగు లేకుండా అన్నిసార్లూ చెప్పింది. తనకు ఒకటే బాధ, ఈ మాట ఆ తల్లికి పదేళ్ళ క్రితమే అందాల్సింది.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. నిరంజన్ ఇంకా రాలేదు. ఒక వేసవిలో టిక్కెట్లు తీశాడు, వైశాలికి ఒంట్లో బాగోక మానుకున్నారు. ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. రత్నాలమ్మ పొద్దున్నుంచే చార్జింగు చూసుకుంటుంది. పలాసలో జనాలకు సమన్ల గురించి చెప్పేటప్పుడు తడబడని మనిషి, ఫోను మోగగానే ఏం మాట్లాడాలో తెలియక కూర గురించి అడుగుతుంది. పాపకు నాలుగు తెలుగు మాటలు వచ్చాయి. వాడికి కూతురంటే మురిపెం. ఫోను ఎత్తిన దగ్గర నుంచి దాన్ని పాప వైపే తిప్పి పట్టుకుంటాడు, అప్పకు మేనకోడల్ని చూపించాలని. పాప ఆడుతుంది, గంతులేస్తుంది, బొమ్మలు చూపిస్తుంది. వాడి గొంతు మాత్రం పక్కనుంచి వినపడుతూ ఉంటుంది. ఫోను ఒక్కసారి నీ వైపు తిప్పరా, నిన్ను సూడనీ అని ప్రతి ఆదివారం ఆమె అనుకుంటుంది. ఇంతవరకూ అనలేదు.